రీల్‌లోకి రాని పెళ్లి: ఫొటోగ్రాఫర్లకు, వీడియోగ్రాఫర్లకు బహిరంగ లేఖ

తెలుగువారి పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తున్న అన్నదమ్ములకు, ఈమధ్య ఈ పనిలోకి వస్తున్న ఆడపిల్లలకు,

నమస్కారం.

శ్రావణమాసం ముహూర్తాలకు మీకు ఇప్పటికే అడ్వాన్సులు అంది ఉంటాయి. సీజను మొదలయ్యాక మీకు నిద్రపోవడానికే తీరిక దొరకదు, ఇక ఉత్తరాలు చదవడానికి ఎక్కడ దొరుకుతుంది? అందుకే ముందుగా రాస్తున్నాను. కెమెరా పనితనం గురించి నాకు తెలిసింది తక్కువ. పెళ్లి పనుల గురించి మాత్రం బాగానే తెలుసు. పుట్టింటి వైపూ అత్తింటి వైపూ, పసుపు కొట్టిన రోజు నుంచి అప్పగింతల దాకా దగ్గరుండి జరిపించిన పెళ్లిళ్లు చాలా ఉన్నాయి. అందరికంటే ముందు వచ్చి అందరికంటే చివర వెళ్లేవాళ్లలో మీరూ ఉంటారు, నేనూ ఉంటాను. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు.

నా బాధ ఇది. పోస్టు పెట్టడానికి పనికివచ్చే క్షణాలకే ఇప్పుడు మండపంలో వెలుతురు, చోటు, సమయం దొరుకుతున్నాయి. ఆ పిల్లకూ పిల్లాడికీ, వాళ్లను కన్నవాళ్లకూ బతికినంతకాలం గుర్తుండవలసిన క్షణాలు వాటి కింద నలిగిపోతున్నాయి. కొన్నిటిని మీరు చూడటం లేదు. కొన్నిటిని మీరే ఆపుతున్నారు. ఆపడమే నన్ను ఎక్కువగా బాధపెడుతోంది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

ముహూర్తం పెట్టడమంటే మన ఇళ్లలో ఎంత పనో మీకు తెలుసు. ఇద్దరి నక్షత్రాలూ చూసి, తారాబలం, చంద్రబలం చూసి, లగ్నం కుదిరాక గంట నిమిషాలతో సహా శుభలేఖలో అచ్చు వేయిస్తారు. అది రాత్రి రెండు గంటలకైనా చుట్టాలంతా మేలుకుని కూర్చుంటారు. ఆ నిమిషానికి అడ్డుతెరకు ఇవతల ఒకరు, అవతల ఒకరు కూర్చుని, తమలపాకులో ఉంచిన జీలకర్ర బెల్లాన్ని ఒకరి తల మీద ఒకరు పెడతారు. గట్టిమేళం మోగుతుంది. తెర దించుతారు. అప్పుడు వాళ్లు ఒకరినొకరు చూసుకోవాలి. పెళ్లిచూపుల్లో, నిశ్చితార్థంలో, వీడియో కాల్స్‌లో ఎన్నిసార్లు చూసుకున్నా, భార్యాభర్తలుగా చూసుకునే మొదటి చూపు ఇదే. తాళి, తలంబ్రాలు అన్నీ దీని తరువాతివే.

గత మాఘమాసంలో మా అన్నయ్య పెద్దకూతురికి పెళ్లయింది. తెర దిగింది. దిగీ దిగగానే మండపం మీది నుంచి ఒక గొంతు, "మేడమ్, ఇటు చూడండి, చెయ్యి కాస్త కిందికి, మొహం కనిపించడం లేదు" అంది. పిల్ల ఉలిక్కిపడి కెమెరా వైపు తిరిగింది. పెళ్లికొడుకు కూడా తిరిగాడు. భర్తను చూడవలసిన చూపు లెన్సు వైపు పోయింది. ఆ ఫొటో నిజంగానే చాలా బాగా వచ్చింది, వెలుతురు కూడా చక్కగా పడింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ గొంతే వినిపిస్తుంది.

అదే పెళ్లిలో అప్పగింతలు. మా అన్నయ్య నలుగురిలో కంటతడి పెట్టే మనిషి కాదు. పాలగిన్నెలో కూతురి చేతులు ముంచి, వియ్యంకుడి చేతుల్లో పెట్టి, తరువాత వియ్యపురాలి చేతుల్లో, అల్లుడి అన్నావదినల చేతుల్లో, ఇలా ఒక్కొక్కరికీ అప్పగిస్తూ వచ్చాడు. అల్లుడి దాకా వచ్చేసరికి పిల్ల మణికట్టు వదలలేకపోయాడు. పాలు కారి పట్టుపంచె మీద పడుతున్నాయి. చూసుకోలేదు. ఏదో చెప్పబోయి, చెప్పలేక, చెయ్యి వదిలి గబగబా స్తంభం వెనక్కి వెళ్లాడు. మా వదిన అటు అడుగు వేసింది. అంతలో మీలాంటి కుర్రాడు ఒకడు ఎదురువచ్చి, ఎంతో మర్యాదగా, "అంకుల్, ఫోకస్ రాలేదు, ఇంకొక్కసారి" అన్నాడు.

అన్నయ్య వెనక్కి వచ్చాడు. మళ్లీ పాలగిన్నె తెచ్చారు. మళ్లీ చేతులు ముంచారు. మళ్లీ అప్పగించాడు. ఈసారి ఆయన మొహంలో ఏమీ లేదు. చెప్పిన చోట నిలబడ్డాడు, చెప్పినంతసేపు పట్టుకున్నాడు. ఆ రెండోసారిదే వీడియోలో ఉంది. స్టూడియో వాళ్ల పేజీలో దానికి వేలల్లో లైకులు వచ్చాయి. కింద ఎంతోమంది కన్నీళ్ల బొమ్మలు పెట్టారు. వాళ్ల కన్నీళ్లు నిజమే అయి ఉండవచ్చు. మా అన్నయ్య మాత్రం దాన్ని ఒక్కసారి చూసి ఫోను పక్కన పెట్టాడు. ఇప్పటికీ ఆ వీడియో పెట్టమని అడగలేదు.

ఫోకస్ రాకపోతే పోనివ్వండి. నేను మిమ్మల్ని అడిగే వాటిలో అన్నిటికంటే పెద్ద కోరిక ఇదే. మసకగా వచ్చినా అది జరిగిన పెళ్లి. తండ్రిని వెనక్కి పిలవవద్దు. తలంబ్రాలు మళ్లీ పోయించవద్దు. తాళి కట్టే చేతులను మూడో ముడి దగ్గర ఆపవద్దు. రిసెప్షనులో మీ ఇష్టం, ఎన్నిసార్లు నిలబడమంటే అన్నిసార్లు నిలబడతారు. పీటల మీద ఉన్నంతసేపు మాత్రం పెళ్లి నడక పురోహితుడి చేతిలో ఉండాలి.

తప్పంతా మీదేనని నేను అనడం లేదు. పెళ్లికూతుళ్లే ఫోనులో దాచుకున్న రీల్స్ తెచ్చి, అచ్చం ఇలాగే కావాలని అడుగుతున్నారని నాకు తెలుసు. తల్లిదండ్రులు కూడా బంధువుల పిల్ల వీడియో కంటే తమది బాగుండాలని పట్టుబడుతున్నారు. మీకూ బతుకుతెరువు ఉంది. వచ్చే పెళ్లి బేరం కుదిరేది మీ పేజీ చూసే. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించింది, జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది. అప్పుడు ఒక్కో రీల్ నిడివి 15 సెకన్లు. తరువాత పెంచుకుంటూ వచ్చారు. అయినా చూసేవాడి వేలు మొదటి రెండు మూడు సెకన్లలోనే పైకి జరిగిపోతుందన్న భయం మీకు తప్పలేదు. ఆ భయమే మండపం దాకా వచ్చింది. సప్తపదిలో ఏడో అడుగు పడ్డాక వరుడు వధువుతో "సఖా సప్తపదా భవ" అంటాడు. నాతో ఏడడుగులు నడిచావు, నాకు స్నేహితురాలివి కమ్మని అడగడం అది. అంత గొప్ప మాట అన్న క్షణం రీల్‌లో పాదాలు నెమ్మదిగా కదిలే దృశ్యంగా మాత్రమే మిగులుతోంది. మాట తీసేసి పైన ఆ వారం అందరూ వాడుతున్న పాట పెడుతున్నారు.

ధ్వని గురించి ఇంకొంచెం చెప్పాలి. క్యాసెట్ల కాలంలోనూ సినిమా పాటలు కలిపేవారు, కాదనను. కానీ మధ్యమధ్య సన్నాయి వినిపించేది, ఎవరో ఎవరినో పిలవడం వినిపించేది, నలుగు పెట్టేటప్పుడు పెద్దవాళ్లు పాడిన పాటలు వినిపించేవి. ఇప్పుడు అక్కడి ధ్వని అక్కర్లేదని రికార్డు కూడా చేయడం లేదు. ఆ పాటలు నోటికి వచ్చిన ఆడవాళ్లు మా తరంతోనే తగ్గిపోతున్నారు. మా పెద్దమ్మ నలుగు దగ్గర కూర్చుంటే ఒక పాట నుంచి ఇంకో పాటలోకి ఎక్కడా తడుముకోకుండా వెళ్లిపోతుంది. ఆవిడ పాట ఏ పోస్టులోనూ లేదు. ఆవిడ చేత్తో చల్లిన పసుపు నీళ్లు మాత్రం నెమ్మదిగా గాలిలో ఎగురుతూ ఉన్నాయి.

మీ ముందు తరం వాళ్లు ఫిల్ముతో పనిచేశారు. ఒక రోల్‌కు 36 ఫొటోలు. పెళ్లి మొత్తానికి ఇన్ని రోల్స్ అని ముందే ఒప్పందం. అందుకని అప్పటి ఫొటోగ్రాఫరు అనవసరంగా క్లిక్ కొట్టేవాడు కాదు. పెళ్లి తంతు పురోహితుడితో సమానంగా తెలిసి ఉండేది. కన్యాదానంలో మామగారు అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు ఎటువైపు నిలబడాలో, లాజహోమంలో పేలాలు పోయడానికి తమ్ముడు ఎప్పుడు లేస్తాడో, అరుంధతిని చూపించడానికి ఏ గుమ్మంలో నుంచి బయటికి వస్తారో ముందే తెలుసుకుని ఆ చోట ఉండేవాడు. ఆయన ఎవరినీ మళ్లీ చేయమని అడగలేదు, ఎందుకంటే ఆయన ఏ క్షణాన్నీ తప్పిపోనివ్వలేదు. ఇప్పుడు ఒక్క పెళ్లికి వేల ఫొటోలు తీసే వీలు మీ చేతిలో ఉంది. తంతు తెలుసుకునే ఓపిక మాత్రం కొద్దిమందిలోనే చూస్తున్నాను. ఆ కొద్దిమందికి నా దండాలు. వాళ్లు తీసిన ఆల్బమ్ చూస్తేనే తెలిసిపోతుంది.

మా ఇంట్లో ఒక పాత పెళ్లి వీడియో క్యాసెట్టు ఉంది. దాన్ని సీడీలోకి, సీడీ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి మార్పించుకుంటూ కాపాడుకుంటున్నాం. పండక్కి అందరం చేరినప్పుడు టీవీకి పెడతాం. పెళ్లికూతురు ముస్తాబు, పువ్వుల మధ్య నుంచి జంట ఎగిరివచ్చే గ్రాఫిక్స్ అన్నీ ముందుకు జరిపేస్తారు. భోజనాల బంతి దగ్గర ఆపుతారు. వీడియో తీసే ఆయన వరుస వెంట నడుచుకుంటూ వెళతాడు, పక్కన లైటు పట్టుకున్న కుర్రాడు. విస్తరి ముందు మా నాన్నగారు కూర్చుని ఉంటారు. లైటు కళ్లలో పడి ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుంటారు, కుడిచేత్తో పప్పన్నం కలుపుతూనే ఉంటారు. నెయ్యి వడ్డించేవాడు వంగితే చాలు చాలంటారు, మళ్లీ కాస్త వేయించుకుంటారు. కెమెరా ముందుకు వెళ్లిపోతుంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఫొటోలు ఇంట్లో ఉన్నాయి, అన్నీ నిలబెట్టి తీసినవే. అన్నం కలుపుకునే నాన్నగారు ఆ క్యాసెట్టులో తప్ప ఇంకెక్కడా లేరు.

ఆ వరుసలో ఇప్పుడు లేని వాళ్లు ఇంకా ఎందరో కనిపిస్తారు. పిల్లలు అడుగుతారు, ఈయన ఎవరు, ఆవిడ ఎవరు అని. మేము చెబుతాం. ఒక కుటుంబం తన కథ తాను చెప్పుకోవడానికి ఆ విస్తళ్ల వరుస చాలింది. పేరు కూడా తెలియని ఒక ఫొటోగ్రాఫరు మా కుటుంబానికి చేసిన మేలు అది. బహుశా ఆయనకు అది రోజువారీ పని. దాన్ని పోస్టులో పెడితే బయటివాళ్లు ఎవరూ చూడరు, చూడవలసిన అవసరం కూడా వాళ్లకు లేదు. ఎవరు చూడాలో వాళ్ల కోసం తీయడం అంటే అది.

ఇప్పటి వీడియోల్లో బంతి భోజనాలు లేవు. బఫే బల్లల మీద పళ్లతో చెక్కిన హంసలు ఉన్నాయి. ముత్తవ్వలు, తాతయ్యలు వేదిక ఎక్కి దిగిన గ్రూపు ఫొటోలో ఒక్కసారి కనిపిస్తారు, ఆ తరువాత ఎక్కడా ఉండరు. తొంభై ఏళ్ల మనిషి మనవరాలి పెళ్లి చూడటానికి రాత్రంతా కుర్చీలో కూర్చుంటే, ఆ కుర్చీ వైపు కెమెరా తిరగకపోవడం నేను ఎన్నో పెళ్లిళ్లలో చూశాను. నాలుగేళ్లు పోయాక ఆ ఇంటివాళ్లు వెతికేది ఆ కుర్చీ కోసమే.

కరోనా కాలం గుర్తుందా? పెళ్లికి 50 మందికి మించి రాకూడదని నిబంధన పెట్టారు. విమానాలు లేవు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలు తోబుట్టువుల పెళ్లిళ్లు యూట్యూబ్ లైవ్‌లో చూశారు. అప్పుడు మీలో చాలామంది మండపం ఎదురుగా ఒక కెమెరా స్టాండు మీద నిలబెట్టి వదిలేశారు. కత్తిరింపులు లేవు, పాటలు లేవు. హోమం పొగ, పిల్లల గోల, పురోహితుడు నేతిగిన్నె కోసం కేకేయడం, అన్నీ వచ్చాయి. మా పిన్ని కూతురు డల్లాస్‌లో కూర్చుని అక్షతల పళ్లెం పక్కన పెట్టుకుని, ముహూర్తం వేళకు టీవీ మీద చల్లింది. ఆ లైవ్ వీడియోను వాళ్లు ఇప్పటికీ తీసి చూస్తారు. దానికి చూపులు పదుల్లోనే ఉన్నాయి. ఆ చూపుల్లో ప్రతి ఒక్కటీ ఆ పిల్లను ఎత్తుకుని పెంచిన వాళ్లదే.

ఇక మీరు అసలు చూడని వాళ్ల సంగతి. ప్రతి కల్యాణ మండపంలోనూ ఒక సామాన్ల గది ఉంటుంది. పెట్టుబడి చీరలు, కొబ్బరిబోండాలు, పసుపు కుంకాల పొట్లాలు, వెండి గిన్నెలు, అరిసెల డబ్బాలు, చుట్టాల సూట్‌కేసులు అందులోనే. దానికి ఎవరో ఒకరు కాపలా ఉండాలి. మా అన్నయ్య కూతురి పెళ్లికి పక్కింటి పిన్నిగారు ఉన్నారు. తాళంచెవులు బొడ్లో దోపుకుని రాత్రంతా ఆ గుమ్మంలోనే కూర్చున్నారు. పురోహితుడికి ఏది కావాలన్నా ఆవిడే అందించారు. గట్టిమేళం మోగినప్పుడు అక్కడి నుంచే రెండు అక్షతలు మండపం వైపు వేసి దండం పెట్టుకున్నారు. పెళ్లి చూడలేదు. ఆ పిల్ల పుట్టినప్పుడు పురిటి స్నానాలు చేయించింది ఆవిడే. ఇంత పెద్ద ఆల్బమ్‌లో ఆవిడ లేరు. టీజర్‌లో గదుల తలుపులు, గాజుల పెట్టె, చెప్పుల జత, సెంటు సీసా దగ్గరగా చూపించారు. తాళంచెవులు పట్టుకున్న మనిషిని చూపించలేదు.

ఉదయం నుంచి ఉపవాసం ఉండి కన్యాదానం చేసిన తల్లికి అంతా అయ్యాక ఎవరో పెరుగన్నం కలిపి తెస్తారు. పందిట్లో కుర్చీలు ఎత్తేస్తుంటే ఒక మూల కూర్చుని తింటుంది. ఆ సమయానికి మీరు సామాను సర్దుకుంటూ ఉంటారు. ఇంకొక్క పావుగంట కెమెరా బయటే ఉంచండి.

తీయకూడనివి కూడా ఉన్నాయి. మంగళస్నానం అయి తడిబట్టల్లో ఉన్న పిల్లను తీసి, సాయంత్రానికల్లా ప్రపంచం ముందు పెట్టడం మంచి పద్ధతి కాదు. హైదరాబాద్‌లో మీ వృత్తికి పెద్దదిక్కు రాజా దీన్‌దయాళ్, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు. 1892లో ఆయన ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచి దాన్ని ఒక ఆంగ్లేయ మహిళకు అప్పగించారు. పరదా పద్ధతి తిరిగి రావాలని నేను కోరడం లేదు. కెమెరా ముందు కూర్చున్న మనిషి మర్యాద కాపాడటం కూడా ఈ పనిలో భాగమని మీ ఊళ్లోనే మీ పెద్దలు చూపించారని గుర్తుచేస్తున్నాను.

చట్టం కూడా ఒక మాట చెబుతోంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫొటోకైనా వీడియోకైనా, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. మీ ఒప్పంద పత్రంలో చిన్న అక్షరాల్లో ఏదైనా రాసుకుని ఉంటే సంతకానికి ముందు చదివి వినిపించండి. పిల్ల చూడకముందే, పిల్ల తల్లి చూడకముందే, మీ పేజీలో ఊరంతా చూడటం న్యాయం కాదు. కనీసం ఆల్బమ్ ఇంటికి చేరే దాకా ఆగండి.

అతిథుల ఫోన్ల బాధ మీకూ ఉంది, మాకూ ఉంది. ముహూర్తం వేళకు అందరూ ఫోన్లు పైకెత్తుతారు, మీ ఫ్రేము నిండా చేతులే. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ విద్యార్థులను ఒక మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నారు, కొన్నిటిని ఫొటో తీయమన్నారు. మర్నాడు అడిగితే ఫొటో తీసినవే తక్కువగా గుర్తున్నాయి. ఒక వస్తువులో ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి దగ్గరగా తీసినప్పుడు మాత్రం జ్ఞాపకం తగ్గలేదు. ఈ ఫలితాలు 2014లో వచ్చాయి. ముహూర్తానికి ముందు పురోహితుడి మైకులో ఒక్కమాట చెప్పించండి, ఫోన్లు కిందికి దించమని. మేము చెబితే చుట్టాలు నొచ్చుకుంటారు. మీరు చెబితే ఫొటోల కోసమే కదా అనుకుని వింటారు.

శ్రావణంలో మా చిన్న మేనకోడలి పెళ్లి. మీలో ఎవరో ఒకరు వస్తారు. ఒప్పుకున్న డబ్బులో ఒక్క రూపాయి తగ్గించం. టీజర్ వద్దు, డ్రోన్ వద్దు. ఎదురుగా ఒక కెమెరా ఆపకుండా రికార్డు చేస్తూ ఉండాలి, ధ్వనితో సహా. తీసింది తీసినట్టు మొత్తం హార్డ్‌డిస్కులో ఇవ్వాలి, మసకగా వచ్చినవి కూడా. ముందురోజు సాయంత్రమే రండి. పురోహితుడి పక్కన కూర్చుని ఏ తంతు తరువాత ఏది వస్తుందో అడిగి తెలుసుకోండి. మా వైపు ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎక్కడ కూర్చుంటారో నేను కాగితం మీద రాసి ఇస్తాను. మొదటి పేరు సామాన్ల గది పిన్నిగారిది. ఈసారి తాళంచెవులు నేను తీసుకుంటున్నాను, ఆవిడ మండపం ముందు వరుసలో ఉంటారు.

ఇట్లు,
పెళ్లికూతురి మేనత్త